కోర్టు, జైలు, పోలీసు: నెల్లూరు, ఒంగోలులో మన పన్నుకి దక్కుతున్న సర్వీసు ఎలా ఉంది?

ముందు ధర చూద్దాం. ఇండియా జస్టిస్ రిపోర్టు 2025 ప్రకారం దేశంలో ప్రభుత్వాలు తలకి ఏడాదికి పోలీసుల మీద 1,275 రూపాయలు, కోర్టుల మీద 182, జైళ్ళ మీద 57, ఉచిత న్యాయ సహాయం మీద 6 రూపాయలు పెడుతున్నాయి. ఇవి దేశ సగటులు. మన రాష్ట్ర 2025-26 బడ్జెట్ మొత్తం 3,22,359 కోట్లు. అందులో పోలీసు, జైళ్ళు, ఫైరు కలిసిన హోంశాఖకి ప్రసంగంలో చెప్పింది 8,570 కోట్లు, నూటికి మూడు రూపాయలు కూడా కాదు. కోర్టులు న్యాయశాఖ కింద వస్తాయి కాబట్టి వాటి లెక్క వేరు. పెద్ద రాష్ట్రాల వరసలో ఆ రిపోర్టు ఆంధ్రని కర్ణాటక తర్వాత రెండో స్థానంలో నిలబెట్టింది.

రెండో ర్యాంకు సర్వీసు నెల్లూరు కోర్టు వరండాలో, చెముడుగుంట జైలు గేటు దగ్గర, మార్కాపురం స్టేషన్‌లో ఎలా పనిచేస్తోందన్నదే ఈ సమీక్ష. ఫోన్‌లో కనిపించే భాగం మాత్రం బాగుంది, కొన్నిచోట్ల చాలా బాగుంది. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి కాగితం కదలాల్సిన ప్రతిచోటా తెగుతోంది. ప్రారంభోత్సవం చెయ్యగలిగిన వాటికి డబ్బు దొరుకుతుంది. ఖాళీగా ఉన్న కాపీయిస్టు కుర్చీకి, సమన్లు పట్టుకెళ్ళే ప్రాసెస్ సర్వర్‌కి, ముద్దాయిని వాయిదాకి తీసుకొచ్చే ఎస్కార్టుకి దొరకదు.

ఈ-కోర్ట్స్ యాప్: ఐదుకి నాలుగు

కోర్టు పనిని ఆన్‌లైన్లోకి తెచ్చే ఈ-కోర్ట్స్ పథకం మూడో దశకి కేంద్రం 2023 సెప్టెంబరులో 7,210 కోట్లు మంజూరు చేసింది. రెండో దశకి ఇచ్చిన 1,670 కోట్లకి ఇది నాలుగింతల పైన. డబ్బు కనిపిస్తోంది. వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి గుమస్తాకి ఫోన్ చేసి బతిమాలే రోజులు పోయాయి.

యాప్‌లో కేసు దొరకలేదని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది జిల్లా దగ్గరే తప్పుతారు. 2022 ఏప్రిల్‌లో రెవెన్యూ జిల్లాలు మారాయి గానీ వాటితోపాటు కోర్టుల జిల్లాలు మారలేదు. అప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, గూడూరు తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్ళినా, కోర్టు లెక్కలో కందుకూరు, చీరాల ప్రకాశం కిందే, గూడూరు నెల్లూరు కిందే ఉండిపోయాయి. అందుకని ముందు పాత జిల్లాలో వెతకండి. బాపట్ల, తిరుపతి అని ఎంచుకుని గంటసేపు తంటాలు పడకండి.

రెండో తప్పు పేరు స్పెల్లింగు. వెంకటేశ్వర్లు అన్న పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ మన కోర్టుల్లో రాసి ఉంటుంది. అదే పనిగా ఆ పేరు కొట్టకుండా ఎదుటి పార్టీలో అరుదైన ఇంటిపేరు ఉంటే దాంతో వెతకండి. క్రిమినల్ కేసైతే ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషను, సంవత్సరం ఇస్తే ఒక్కసారికే దొరుకుతుంది. తీర్పు వచ్చేసిన కేసుని ‘పెండింగ్’ గడిలో వెతికితే రాదు, రెండూ కలిపి చూడమని ఎంచుకోవాలి.

ఒకసారి దొరికాక సీఎన్‌ఆర్ నంబరు, అంటే ఆ కేసు ఒక్కదానికే ఉండే గుర్తింపు నంబరు, రాసిపెట్టుకోండి. మొత్తం పదహారు అక్షరాలు, అంకెలు. చివరి నాలుగూ సంవత్సరం. కేసు నంబరు మారినా దీంతో పట్టుకోవచ్చు. నెట్ సరిగా అందని ఉదయగిరి, కనిగిరి వైపు ఊళ్ళవాళ్ళు వాయిదాని ఎస్‌ఎంఎస్‌తోనూ తెలుసుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో ECOURTS అని కొట్టి (తెలుగులో కొడితే పనిచెయ్యదు), ఒక ఖాళీ వదిలి, సీఎన్‌ఆర్ కొట్టి 9766899899కి ఎస్‌ఎంఎస్ పంపితే తర్వాతి వాయిదా తిరిగి వస్తుంది. యాప్‌లో దాచుకున్న కేసులు ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి, ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోకపోతే జాబితా మొత్తం పోతుంది.

ఒక మార్కు తగ్గించింది ఎందుకంటే, వాయిదా తేదీ సాయంత్రానికి ఎక్కుతుంది కానీ ఆ రోజు ఏం జరిగిందో రాసే ముక్క చాలాసార్లు ‘కాల్ ఆన్’ అన్న రెండు మాటలతో సరి. ముద్దాయి రాలేదా, సాక్షికి సమన్లు అందలేదా, జడ్జిగారు సెలవా అన్నది తెలియదు. అది తెలియాలంటే మళ్ళీ బెంచి క్లర్కు దగ్గరికే.

సర్టిఫైడ్ నకలు: ఐదుకి రెండున్నర

తీర్పు యాప్‌లో కనిపిస్తుంది, డౌన్‌లోడ్ అవుతుంది. అప్పీలుకి మాత్రం అది పనికిరాదు. సర్టిఫైడ్ నకలు కావాలి. దానికి సి.ఎ., అంటే కాపీ అప్లికేషన్, వెయ్యాలి. కాపీ అప్లికేషన్ మీద కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీయింగ్ సెక్షన్లో ఇస్తే ఒక సి.ఎ. నంబరు పడుతుంది. ఆ నంబరు రాసుకోకుండా ఇంటికి వెళ్ళారంటే సగం పని పోయినట్టే.

అసలు మెలిక ఆ తర్వాత ఉంది. ఎన్ని పేజీలవుతుందో లెక్కగట్టి, ఎన్ని కాపీ స్టాంపులు కావాలో నోటీసు బోర్డు మీద జాబితా వేస్తారు. మన దగ్గర దీన్నే ‘కాల్ ఫర్’ అంటారు. ఆ జాబితా చూసి గడువులోగా స్టాంపులు దాఖలు చెయ్యకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. గడువు కొద్ది రోజులే. ఫోన్ రాదు, మెసేజ్ రాదు. గిద్దలూరు నుంచి ఒంగోలు నూట నలభై కిలోమీటర్ల పైమాటే, బోర్డు చూడటానికి రోజూ ఎవరొస్తారు? గుమస్తాకో, అక్కడే ఉండే జూనియర్ వకీలుకో అప్పగించి రావాల్సిందే.

నకలు చేతికొచ్చాక వెనక పేజీ చూడండి. దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా రాసి ఉంటాయి. సివిల్ అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద నకలుకి పట్టిన కాలాన్ని ఆ గడువులోంచి తీసేస్తారు. అయితే స్టాంపులు అడిగాక మీరు తాత్సారం చేసిన రోజులు, సిద్ధమయ్యాక వెళ్ళి తెచ్చుకోని రోజులు మీ ఖాతాలోనే పడతాయి. కాపీయింగ్ సెక్షన్ నెల తీసుకుందని నిశ్చింతగా కూర్చుని, ఆ వెనక పేజీ లెక్క చూడక అప్పీలు గడువు దాటించుకున్నవాళ్ళు ప్రతి కోర్టులో ఉంటారు. కేసులో పార్టీ కానివాళ్ళకి నకలు కావాలంటే ఎందుకు కావాలో అఫిడవిట్ కూడా పెట్టాలి.

ఈ సెక్షన్లో కొత్త స్కానర్లు వచ్చాయి. స్కాన్ చేసి, పోల్చి చూసి, సంతకం పెట్టే మనుషులే పెరగలేదు. 1987లో లా కమిషన్ 120వ నివేదిక పది లక్షల జనాభాకి 50 మంది జడ్జీలు కావాలంది. ఇవాళ దేశంలో ఉన్నది 15 చుట్టూ. జడ్జీల కొరత గురించి అందరూ మాట్లాడతారు, ఆ జడ్జి వెనక ఉండాల్సిన టైపిస్టు గురించి ఎవరూ మాట్లాడరు.

బెయిలు వచ్చాక బయటికి రావడం: ఐదుకి రెండు

ఈ సర్వీసు మొత్తంలో మనిషికి ఎక్కువ నొప్పి పుట్టేది ఇక్కడే, ప్రభుత్వానికి అనవసరపు ఖర్చు అయ్యేదీ ఇక్కడే. 2022 జాతీయ లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణ ఖైదీలు, అంటే శిక్ష పడనివాళ్ళు. ఒక్కో ఖైదీ మీద ఎక్కువ ఖర్చు చూపించే రాష్ట్రాల్లో మనది ఒకటి. కాబట్టి బెయిలు వచ్చిన మనిషి కాగితం లోపంతో లోపలే ఉన్న ప్రతి రాత్రికీ భోజనం, కాపలా బిల్లు మనమే కడుతున్నాం.

బెయిలు ఆర్డరులో మామూలుగా ఇద్దరు జామీనుదారులు, తలా ఇంత మొత్తానికి అని ఉంటుంది. జామీనుదారు తేవాల్సినవి: ఆధార్ నకలు, ఫోటోలు, ఇంటి పన్ను రశీదు, ఆ ఇంటి విలువ మీద పంచాయతీ కార్యదర్శి లేదా మున్సిపాలిటీ ఇచ్చే వాల్యుయేషన్ సర్టిఫికెట్. పొలం చూపిస్తే పాసుపుస్తకం, తహసీల్దారు ఆఫీసు కాగితం. ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్. ఇంతకుముందు ఎవరెవరికి జామీను పడ్డారో కూడా రాసివ్వాలి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 486వ సెక్షన్ అదే అడుగుతుంది. ఎక్కువసార్లు తిరగ్గొట్టేది రశీదులో పేరూ ఆధార్‌లో పేరూ కలవకపోవడం వల్ల. తాత పేరు మీదే పన్ను కడుతూ ఉంటారు, మనవడు వచ్చి జామీను పడతానంటాడు. ఒప్పుకోరు. రశీదు పాతదైనా ఒప్పుకోరు. శుక్రవారం మధ్యాహ్నం బెయిలు ఆర్డరొస్తే, కార్యదర్శి ఊళ్ళో లేకపోతే, సోమవారమే గతి.

జామీను ఒప్పుకున్నాక కోర్టు నుంచి రిలీజ్ ఆర్డరు జైలుకి వెళ్ళాలి. అది లాకప్ సమయానికి ముందు చేరాలి, లేకపోతే తెల్లారాకే. కోర్టు నెల్లూరు ఊళ్ళో, సెంట్రల్ జైలు చెన్నై రోడ్డులో వెంకటాచలం మండలం చెముడుగుంటలో. ఆత్మకూరు కోర్టులో సాయంత్రం నాలుగున్నరకి సంతకం పడితే ఆ కాగితం ఎలా వెళ్ళాలి? సుప్రీంకోర్టు 2023 జనవరి 31న స్పష్టంగా చెప్పింది: బెయిలు ఆర్డరు సాఫ్ట్ కాపీని అదేరోజో మర్నాడో జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి ఈ-మెయిల్‌లో పంపాలి, ఆ తేదీ జైళ్ళ సాఫ్ట్‌వేర్ ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి, ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు నుంచి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజెయ్యాలి, నెలలోపు జామీను పెట్టలేకపోతే కోర్టు తనంతట తనే షరతులు సడలించే మాట ఆలోచించవచ్చు. ఈ-ప్రిజన్స్‌కి కేంద్రం పెట్టింది 99.49 కోట్లు. సాఫ్ట్‌వేర్ ఉంది, ఆదేశం ఉంది. అయితే సాఫ్ట్ కాపీతో బెయిలు వచ్చిన సంగతి తెలుస్తుందే తప్ప మనిషి రాడు. మనిషి రావాలంటే జామీను పడి రిలీజ్ ఆర్డరు వెళ్ళాలి.

గేటు దగ్గర ఆపేసే తప్పులు ఇవి. రిమాండు వారెంటులో స్టేషను ఇచ్చిన క్రైమ్ నంబరు ఉంటుంది. చార్జిషీటు పడ్డాక కేసు కోర్టు ఇచ్చే సి.సి. నంబరులోకి మారుతుంది. రిలీజ్ ఆర్డరులో సి.సి. నంబరు ఒక్కటే రాస్తే జైల్లో ‘ఇది ఏ కేసు?’ అంటారు. రెండూ రాయించండి, స్టేషను పేరుతో సహా. తండ్రి పేరు, సెక్షన్లు వారెంటులో ఉన్నట్టే ఉండాలి. దర్యాప్తులో సెక్షన్ మార్చి ఉంటే ఆ మెమో సంగతి కూడా కోర్టుకి గుర్తుచెయ్యాలి. అన్నిటికంటే ముందు, ఇంకో స్టేషను నుంచి పీటీ వారెంటు (ఖైదీని ఇంకో కేసులో హాజరుపరచమనే ఉత్తర్వు) పెండింగులో ఉందా అని జైల్లోనే కనుక్కోండి. ఉంటే ఈ బెయిలుతో బయటికి రాడు, ఇంట్లోవాళ్ళు గేటు బయట పడిగాపులు కాయడం దండగ.

డబ్బులేక లోపలున్నవాళ్ళకి 2023లో కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. అప్పటి మార్గదర్శకాల్లో విచారణ ఖైదీకి బెయిలు మొత్తం 40,000 దాకా, శిక్ష పడి జరిమానా కట్టలేనివాళ్ళకి 25,000 దాకా ఇవ్వొచ్చన్నారు. కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే జిల్లా కమిటీ మంజూరు చెయ్యాలి. కాగితం మీద చక్కటి పథకం. పనిచెయ్యాల్సిన చోట ఇబ్బంది ఏమిటంటే మన కోర్టులు అడిగేది నగదు డిపాజిట్ కాదు, జామీనుదారుల్ని. జామీను పడే మనిషి దొరకనివాడు ఆ డబ్బుని ఏం చేసుకోవాలి? అలాంటప్పుడు వకీలు చేత, జామీనుదారులకి బదులు నగదు పూచీ ఒప్పుకోమని పిటిషన్ వేయించాలి. ఆ తర్వాతే కమిటీ డబ్బు అక్కరకొస్తుంది. ఈ రెండు మెట్లూ వరసలో చెప్పేవాళ్ళు తక్కువ.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ కూడా తెలిసి ఉండాలి. ఉరి, జీవితఖైదు పడే నేరాలు కాకుండా మిగతా వాటిల్లో, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని మొదటిసారివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే బాండు మీద వదలాలి. మిగతావాళ్ళకి సగం. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్ళు. అంటే మొదటిసారివాడికి ఏడాది. కోర్టుకి అర్జీ పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే, ఖైదీది కాదు. పాత కేసులకీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. ఒకటికి మించి కేసులుంటే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. ఇంకొకటి, 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే వచ్చే బెయిలు. అర్జీ వేసేలోపు చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది, కాబట్టి 61వ రోజో 91వ రోజో పొద్దున్నే వెయ్యాలి.

ములాఖత్: ఐదుకి మూడు

ఖైదీని కలవడానికి ఆన్‌లైన్లో అర్జీ పెట్టే ఈ-ములాఖత్‌లో మీ పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, ఖైదీ పేరు, తండ్రి పేరు, ఏ జైలు అన్నది నింపి, నేరుగా వస్తారా వీడియోలోనా అని ఎంచుకుంటే ఓటీపీ వస్తుంది. ఆ తర్వాత జైలువాళ్ళు ఆమోదించాలి. ఆమోదం రాకుండా బస్సెక్కొద్దు. ఖైదీ పేరు రిమాండు కాగితంలో ఎలా ఉందో అలా కొట్టకపోతే తిరస్కారం వస్తుంది, కారణం సరిగా కనిపించదు. ఇంట్లో పిలిచే పేరు కొట్టేవాళ్ళే ఎక్కువ. వీడియో ములాఖత్ నిజంగా మేలు, ముఖ్యంగా మహిళా ఖైదీల కుటుంబాలకి. రాష్ట్రంలో మహిళల ప్రత్యేక జైళ్ళు రాజమహేంద్రవరం, కడపల్లో ఉన్నాయి. సూళ్ళూరుపేట నుంచో కొండపి నుంచో కడపకి పోయిరావడమంటే ఒకరోజు కూలి, ఛార్జీలు రెండూ పోతాయి.

నేరుగా వెళ్తే ఆధార్ అసలు తీసుకెళ్ళండి, ఫోన్ గేటు దాటదు. బట్టలు, మందులు ఏవి తీసుకుంటారో గేటులో ముందే అడగండి. లోపల క్యాంటీనులో వాడుకోవడానికి ఖైదీ సొంత ఖాతాలో డబ్బు కట్టొచ్చు. సంచినిండా తినుబండారాలు తీసుకెళ్ళి వెనక్కి మోసుకురావడం కంటే అది నయం.

వాయిదాకి ముద్దాయి రాకపోవడానికి కారణం చాలాసార్లు జైలు కాదు. ఎస్కార్టు ఇవ్వాల్సింది ఆర్ముడ్ రిజర్వు. బందోబస్తుంటే వాళ్ళుండరు. నెల్లూరులో రొట్టెల పండగ వారం స్వర్ణాల చెరువు దగ్గర పోలీసు ఏర్పాట్లు చూడండి, క్యూలు, పార్కింగు, చెరువు గట్టు మీద గజానికొకరు. మెచ్చుకోవాల్సిందే. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయిన జిల్లాలో బందోబస్తు దండగ అని ఎవరూ అనరు. కాకపోతే ఆ వారం ఆ కానిస్టేబుళ్ళు వచ్చింది ఏ స్టేషన్ల నుంచో ఆ స్టేషన్లలో సమన్లు, వారెంట్లు, దర్యాప్తు ఆగిపోతాయి. కోర్టులో ‘సాక్షికి సమన్లు అందలేదు’ అన్న వాయిదా అలా పుడుతుంది. బందోబస్తుకి వేరే బలం ఉండాలని బడ్జెట్‌లో ఎవరూ అడగరు.

పోలీసు స్టేషను, 112, 1930: ఐదుకి మూడున్నర

ఆపదలో 112 కొట్టండి. మహిళల కోసం తెచ్చిన శక్తి యాప్‌ని 2025 మార్చి 8న మన మార్కాపురంలోనే ప్రారంభించారు. ఫోన్‌లో వేసుకోవడం ఒక్కటే చాలదు, లొకేషన్ అనుమతి ‘ఎప్పుడూ’ అని పెట్టకపోతే అవసరానికి మీరెక్కడున్నారో దానికి తెలియదు. ఇంట్లో ఆడపిల్లల ఫోన్లలో ఆ సెట్టింగు ఒకసారి చూడండి.

సైబర్ మోసంలో డబ్బు పోయిందని తెలిసిన క్షణం 1930కి ఫోన్ చెయ్యండి. బ్యాంకు తెరిచేదాకా ఆగడం వల్లే ఎక్కువమందికి డబ్బు రాదు, ఎందుకంటే ఈలోపు ఆ సొమ్ము నాలుగైదు ఖాతాలు దాటి ఏటీఎంలోంచి బయటికొచ్చేస్తుంది. ఫోన్ చేసేముందు చేతిలో ఉండాల్సినవి: మీ ఖాతా నంబరు, లావాదేవీ నంబరు (యూపీఐలో పన్నెండు అంకెలు), సమయం, ఎంత పోయింది, ఎదుటివాడి యూపీఐ ఐడీ లేదా ఖాతా. రసీదు నంబరు ఇస్తారు, దాంతో సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పూర్తిచెయ్యాలి. ఆపిన డబ్బు తనంతట తాను మీ ఖాతాలోకి రాదు. మేజిస్ట్రేటు కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద పిటిషన్ వెయ్యాల్సి రావచ్చు. ఇది చెప్పేవాళ్ళు లేక వేలల్లో ఉన్న చిన్న మొత్తాలు వదిలేసుకున్నవాళ్ళున్నారు.

ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, ఈ జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్లోనే ఉంది. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి, లేకపోతే నమోదు కాదు. నకలు ఉచితం, అడిగి తీసుకోండి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాలకి డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చు. ఈ వెసులుబాటునే ‘తర్వాత రాపో’ అనడానికి వాడతారు. అప్పుడు ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వండి, దానికీ ఫలితం లేకపోతే మేజిస్ట్రేటు. పోస్టు రశీదు లేకపోతే మూడో మెట్టు బలహీనపడుతుంది. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకి చెప్పాలన్నదీ చట్టంలోనే ఉంది.

స్టేషను సీసీ కెమెరాల మీద సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశమిచ్చింది: రికార్డింగు 18 నెలలు, కనీసం ఏడాది ఉండాలి. స్టేషన్లో ఏదైనా జరిగిందంటే ఫుటేజీ భద్రపరచమని తేదీ, గంట రాసి ఆ వారంలోనే అర్జీ పెట్టండి. తర్వాత అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే, కెమెరా పనిచెయ్యడంలేదని.

కెమెరాలూ కాపలా కోర్టులకీ కావాలి. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో దొంగతనం జరిగి ఒక కేసు ఆధారాలే పోయాయి, చివరికి హైకోర్టు దర్యాప్తుని సీబీఐకి అప్పగించింది. కోర్టు భవనాలకి కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళలో పెడతాయి. భవనం లేచాక రాత్రి కాపలాదారు జీతం మాత్రం ఆ పథకంలోకి రాదు.

ఉచిత న్యాయ సహాయం, లోక్ అదాలత్: ఐదుకి నాలుగున్నర

తలకి ఆరు రూపాయల సర్వీసు ఇంత పని చెయ్యడం ఆశ్చర్యమే. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు ఆదాయంతో పనిలేకుండా వకీలుని అడగొచ్చు. 15100కి ఫోన్ చెయ్యండి, లేదా నెల్లూరు, ఒంగోలు కోర్టు ప్రాంగణాల్లోని న్యాయసేవాధికార సంస్థకి తెల్లకాగితం మీద రాసివ్వండి.

జాతీయ లోక్ అదాలత్ ఏడాదికి నాలుగుసార్లు, ఎక్కువగా రెండో శనివారాల్లో. చెక్కు బౌన్సు, మోటారు ప్రమాద పరిహారం, రాజీపడదగ్గ క్రిమినల్ కేసులు, బ్యాంకు బాకీలు అక్కడ తెగుతాయి. కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, అవార్డు మీద అప్పీలు ఉండదు. ఆ అప్పీలు లేకపోవడమే జాగ్రత్తపడాల్సింది కూడా. ప్రమాద పరిహారంలో ఇన్సూరెన్సువాళ్ళు ముందు చెప్పే అంకె దగ్గర తలూపొద్దు, మీ వకీలు చేత మామూలు విచారణలో ఎంత రావచ్చో లెక్క వేయించాకే సంతకం పెట్టండి. అర మార్కు తగ్గించింది అక్కడి తొందరకి. ‘ఇన్ని కేసులు పరిష్కరించాం’ అన్న అంకె కోసం పార్టీల్ని తోసే ధోరణి ఆ రోజు మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది.

ఖర్చు ఎక్కడ చూడాలి

పత్రికల్లో వచ్చే అంకె ప్రసంగంలోది. అసలు లెక్క బడ్జెట్ గ్రంథాల్లో పద్దుల కింద ఉంటుంది. పోలీసు 2055, జైళ్ళు 2056, న్యాయపాలన 2014, ఫైరు 2070లో ఉపపద్దు 108. 2014లో 102 హైకోర్టు, 105 సివిల్, సెషన్స్ కోర్టులు. 2055లో 109 జిల్లా పోలీసు, 116 ఫోరెన్సిక్. హైకోర్టు పాలనా ఖర్చు ఛార్జ్‌డ్ పద్దు, అసెంబ్లీలో ఓటింగుకి రాదు. కిందికోర్టుల ఖర్చు వస్తుంది.

ప్రతి పద్దు పక్కనా వరసగా వేర్వేరు గడులు: రెండేళ్ళ కిందటి అసలు ఖర్చు, కిందటేడు అంచనా, సవరించిన అంచనా, కొత్త అంచనా. అందరూ చివరి గడి చూస్తారు. చూడాల్సింది మొదటిది. ఆ సంవత్సరపు బడ్జెట్ పుస్తకం తీసి, అప్పుడు ఎంత ఇస్తామన్నారో దానిపక్కన పెడితే మాటకీ చేతకీ తేడా బయటపడుతుంది. లోపల 010 జీతాలు, 130 ఆఫీసు ఖర్చులు. 010లో మిగులు కనిపిస్తే పొదుపు అనుకోవద్దు, పోస్టులు ఖాళీగా ఉన్నాయని అర్థం.

జిల్లా స్థాయి అంకె కావాలంటే సమాచార హక్కు కింద అడగాలి. జిల్లా ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయిలో ఉచితం. ‘ఎంత ఖర్చుపెట్టారు’ అని అడిగితే ఒక్క అంకె రాసి పంపేస్తారు. ఇలా అడగండి: మీ ఆఫీసులో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, హోదాలవారీగా, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో 010, 130 కింద విడుదలైనదెంత, ఖర్చయినదెంత, మురిగిపోయినదెంత. జైలునైతే ఇంకొకటి కలపండి: బెయిలు మంజూరై ఏడు రోజులు దాటినా విడుదల కాని ఖైదీల సంఖ్య నెలవారీగా, వాళ్ళ గురించి న్యాయసేవాధికార సంస్థకి పంపిన లేఖల సంఖ్య. జవాబుకి 30 రోజులు, ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించినదైతే 48 గంటలు. లోపలున్న మనిషి విడుదల గురించి అడిగేటప్పుడు ఆ 48 గంటల నిబంధన, సెక్షన్ 7(1), అర్జీ మొదటి వాక్యంలోనే రాయండి.